లాగౌట్ చేసినా థ్రెడ్ మీద మిగిలిపోయే యూజర్: షిరో టెస్టులు కలిపి నడిపితే ఎందుకు ఫెయిలవుతాయి

మీ సమస్య నాకు అర్థమైనంతలో ఇదీ. జావా అప్లికేషన్లలో లాగిన్, అనుమతులు చూసుకునే లైబ్రరీ అపాచీ షిరో. దాన్ని వాడే సర్వీసుకి ఇంటిగ్రేషన్ టెస్టులు (భాగాలన్నీ కలిసి పనిచేస్తున్నాయో లేదో చూసేవి) రాశారు. ప్రతి టెస్ట్ క్లాసులోనూ సెటప్‌లో (టెస్టుకి ముందు నడిచే కోడ్) యూజర్‌ని లాగిన్ చేయిస్తున్నారు, టియర్‌డౌన్‌లో (టెస్ట్ అయ్యాక నడిచే కోడ్) లాగౌట్ చేయిస్తున్నారు. ఏ క్లాసుకా క్లాసు విడిగా నడిపితే అన్నీ పాసవుతున్నాయి. మొత్తం కలిపి నడిపితే మాత్రం రెండో క్లాసు నుంచి అన్‌నోన్‌అకౌంట్‌ఎక్సెప్షన్ (అలాంటి అకౌంట్ లేదనే ఎర్రర్) వస్తోంది. ఆ అకౌంట్ రెల్మ్‌లో (షిరో అకౌంట్లనీ రోల్స్‌నీ వెతికే చోటు) ఉందని మీరు డీబగ్గర్‌లో కళ్లారా చూశారు, అయినా వస్తోంది. పైగా ఒకోసారి మీ మెషీన్‌లో మొత్తం పాసైన బిల్డ్ కూడా సీఐ సర్వర్‌లో (కోడ్ మారినప్పుడల్లా బిల్డునీ టెస్టుల్నీ తనంతట తానే నడిపేది) ఫెయిలవుతోంది. రెండు రోజులుగా రెల్మ్ కోడూ పాస్‌వర్డ్ హ్యాషింగూ తిరగేస్తున్నారు.

రెల్మ్‌ని వదిలేయండి, తప్పు అక్కడ లేదు. మీ లాగౌట్ లాగిన్‌ని రద్దు చేస్తోంది. కానీ లాగిన్‌కి ముందు మీకు తెలియకుండానే ఇంకో పని జరిగిపోయింది: సబ్జెక్ట్‌ని (షిరోలో ప్రస్తుత యూజర్‌ని సూచించే ఆబ్జెక్ట్) థ్రెడ్‌కి (ప్రోగ్రామ్‌లో పనులు వరసగా నడిచే ఒక దారి) కట్టడం. దాన్ని విప్పేవాళ్లు మీ కోడులో ఎవరూ లేరు. ఈ రెండూ వేర్వేరు పనులని మనసులో విడదీసుకోకపోతే షిరో టెస్టుల్లో ఒక చిక్కు విప్పేలోపు ఇంకోటి పడుతుంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు గెట్‌సబ్జెక్ట్ సంగతి చూద్దాం. సెక్యూరిటీయుటిల్స్‌లోని ఈ మెథడ్ పేరు చూస్తే ఉన్నదాన్ని తెచ్చి ఇస్తుందనే అనుకుంటాం. నిజానికి అది ముందు థ్రెడ్‌కాంటెక్స్ట్‌లో (థ్రెడ్‌కి కట్టినవాటిని షిరో ఉంచే చోటు) చూస్తుంది. అక్కడ సబ్జెక్ట్ ఉంటే అదే ఇస్తుంది. లేకపోతే బిల్డర్‌తో కొత్త సబ్జెక్ట్ తయారుచేసి, దాన్ని ఆ థ్రెడ్‌కి కట్టేసి, అప్పుడు మన చేతికిస్తుంది. అంటే ఇది ఊరికే చదివే మెథడ్ కాదు, మొదటిసారి పిలిచినప్పుడు రాసే మెథడ్ కూడా. ఇక సెక్యూరిటీ మేనేజర్ (రెల్మ్‌ని అడిగి లాగిన్లనీ అనుమతుల్నీ తేల్చే షిరో ఆబ్జెక్ట్) కోసం ముందు థ్రెడ్‌కాంటెక్స్ట్‌లో, అక్కడ లేకపోతే సెక్యూరిటీయుటిల్స్‌లో ఉన్న స్టాటిక్ వేరియబుల్‌లో వెతుకుతుంది. రెండు చోట్లా లేకపోతే అన్‌అవెయిలబుల్‌సెక్యూరిటీమేనేజర్‌ఎక్సెప్షన్ విసురుతుంది. ఇంకో ముఖ్యమైన విషయం, తయారైన సబ్జెక్ట్ తనను పుట్టించిన సెక్యూరిటీ మేనేజర్‌ని తన లోపలే పట్టుకుని ఉంటుంది. ఆ తర్వాత మీరు స్టాటిక్ వేరియబుల్‌లో ఏది మార్చినా ఆ సబ్జెక్ట్‌కి సంబంధం లేదు.

ఇప్పుడు మీ టెస్టులు నడిచే తీరును ఒక్కో అడుగే చూడండి. రెండు క్లాసులున్నాయి, ఆర్డర్‌టెస్ట్, రిపోర్ట్‌టెస్ట్ అనుకుందాం. ఆర్డర్‌టెస్ట్ మొదలయ్యాక బిఫోర్‌ఆల్‌లో (జావా టెస్టులు నడిపే జేయూనిట్ క్లాసు మొదట్లో ఒక్కసారి పిలిచేది) ఒక సెక్యూరిటీ మేనేజర్ తయారైంది, దాని రెల్మ్‌లో సరళ అనే అకౌంట్ ఉంది. దాన్ని స్టాటిక్‌గా సెట్ చేశారు. బిఫోర్‌ఈచ్‌లో (ప్రతి టెస్టుకీ ముందు నడిచేది) గెట్‌సబ్జెక్ట్ పిలిచారు. థ్రెడ్ మీద ఏమీ లేదు కాబట్టి కొత్త సబ్జెక్ట్ పుట్టింది, మొదటి మేనేజర్‌ని లోపల పెట్టుకుంది, మెయిన్ థ్రెడ్‌కి అతుక్కుంది. సరళ లాగిన్ అయింది, టెస్ట్ పాసైంది. ఆఫ్టర్‌ఈచ్‌లో లాగౌట్ పిలిచారు. లాగౌట్ ఏం చేసింది? ఆ సబ్జెక్ట్ లోపలి ప్రిన్సిపల్స్‌ని (యూజర్ పేరు లాంటి గుర్తింపులు) తీసేసింది, సెషన్‌ని ఆపేసింది, ఆథెంటికేటెడ్ అనే జెండాని దించేసింది. అంతే. సబ్జెక్ట్ ఆబ్జెక్ట్ మాత్రం ఖాళీ చొక్కాలా అదే థ్రెడ్‌కి వేలాడుతూనే ఉంది. చివర్లో ఆఫ్టర్‌ఆల్ స్టాటిక్ మేనేజర్‌ని నల్ చేసింది.

తర్వాత రిపోర్ట్‌టెస్ట్ వచ్చింది. అదే జేవీఎం (జావా ప్రోగ్రామ్‌ని నడిపే ప్రాసెస్), అదే మెయిన్ థ్రెడ్. కొత్త సెక్యూరిటీ మేనేజర్, కొత్త రెల్మ్, అందులో కిరణ్ అనే అకౌంట్. బిఫోర్‌ఈచ్‌లో గెట్‌సబ్జెక్ట్ పిలవగానే షిరో థ్రెడ్ మీద చూసింది, పాత ఖాళీ సబ్జెక్ట్ దొరికింది, అదే ఇచ్చింది. మీరు దాని మీద కిరణ్‌ని లాగిన్ చేయించారు. ఆ సబ్జెక్ట్‌కి తెలిసింది పాత మేనేజర్ ఒక్కటే, దానికి తెలిసింది పాత రెల్మ్ ఒక్కటే. అందులో కిరణ్ లేడు. అందుకే అన్‌నోన్‌అకౌంట్. మీరు డీబగ్గర్‌లో తెరిచి చూసింది కొత్త రెల్మ్‌ని, లాగిన్ వెళ్లింది పాత రెల్మ్‌కి.

కొందరికి ఇదే చోట నల్‌పాయింటర్‌ఎక్సెప్షన్ వస్తుంది. వాళ్లు టియర్‌డౌన్‌లో లైఫ్‌సైకిల్‌యుటిల్స్‌తో మేనేజర్‌ని డిస్ట్రాయ్ చేసి ఉంటారు, అందుకని పాత సబ్జెక్ట్ పట్టుకున్న మేనేజర్‌లో ఆథెంటికేటర్ కూడా ఉండదు. జబ్బు ఒకటే, లక్షణం వేరు.

మీ మెషీన్‌లో పాసైన బిల్డ్ సీఐలో ఎందుకు ఫెయిలవుతోందంటే, మేవెన్ ష్యూర్‌ఫైర్ (మేవెన్ బిల్డులో టెస్టులు నడిపే ప్లగిన్) మామూలుగా ఒక్క జేవీఎంని ఫోర్క్ చేసి (విడిగా మొదలుపెట్టి) క్లాసులన్నింటికీ దాన్నే వాడుతుంది. క్లాసుల వరసని ఫైల్ సిస్టమ్ ఎలా ఇస్తే అలా తీసుకుంటుంది. మీ మెషీన్‌లో ఒక వరస, సీఐలో ఇంకో వరస. ముందు నడిచిన క్లాసు రెల్మ్‌లో తర్వాతి క్లాసుకి కావలసిన అకౌంట్ కూడా ఉంటే పాసవుతుంది, లేకపోతే లేదు. ష్యూర్‌ఫైర్‌లో రీయూజ్‌ఫోర్క్స్ సెట్టింగ్‌ని ఫాల్స్ చేస్తే ప్రతి క్లాసుకీ కొత్త జేవీఎం వస్తుంది కాబట్టి ఎర్రర్ మాయమవుతుంది. ఎవరైనా ఆ సలహా ఇస్తే తీసుకోకండి. బిల్డ్ నెమ్మదిస్తుంది, లోపం అలాగే ఉంటుంది, ఒకే క్లాసులోని రెండు టెస్టుల మధ్య లీకులు ఇంకా మిగిలే ఉంటాయి.

అసలు అప్లికేషన్‌లో ఈ బాధ ఎందుకు లేదో కూడా చెప్పాలి. వెబ్ అప్లికేషన్‌లో షిరో ఫిల్టర్ ప్రతి రిక్వెస్టుకీ సబ్జెక్ట్‌ని తయారుచేసి, థ్రెడ్‌కి కట్టి, రిక్వెస్ట్ అయిపోగానే విప్పేస్తుంది. టామ్‌క్యాట్ అనే వెబ్ సర్వర్ థ్రెడ్లు పూల్‌లోకి (మళ్లీ మళ్లీ వాడుకునే థ్రెడ్ల గుంపు) తిరిగి వెళ్లి ఇంకో యూజర్‌కి పనిచేస్తాయి కాబట్టి విప్పడం తప్పనిసరి. మీ టెస్టులో ఆ ఫిల్టర్ లేదు. ఫిల్టర్ చేసే కట్టడం, విప్పడం రెండూ మీ టెస్ట్ కోడే చేయాలి.

దీనికి షిరోలో ఉన్న సాధనం సబ్జెక్ట్‌థ్రెడ్‌స్టేట్. దానికి ఒక సబ్జెక్ట్ ఇచ్చి బైండ్ పిలిస్తే, థ్రెడ్ మీద అప్పటికే ఉన్నవాటిని దాచిపెట్టి, తుడిచేసి, మీ సబ్జెక్ట్‌నీ దాని మేనేజర్‌నీ కడుతుంది. క్లియర్ పిలిస్తే అంతా తీసేస్తుంది. రిస్టోర్ పిలిస్తే దాచిపెట్టిన పాతవాటిని వెనక్కి పెడుతుంది. టెస్ట్ ముగింపులో ఏది వాడాలని చాలామంది అడుగుతారు. నేనైతే ఆఫ్టర్‌ఈచ్‌లో ఎప్పుడూ క్లియరే వాడతాను. మీకు ముందు నడిచిన టెస్ట్ చెత్త వదిలి వెళ్లి ఉంటే, రిస్టోర్ ఆ చెత్తని జాగ్రత్తగా మళ్లీ అదే చోట పెడుతుంది. రిస్టోర్ ఒక టెస్ట్ మధ్యలో కాసేపు ఇంకో యూజర్‌గా మారి వెనక్కి రావడానికి.

ఇలా రాసుకోండి. బిఫోర్‌ఈచ్‌లో సింపుల్‌అకౌంట్‌రెల్మ్ ఒకటి తయారుచేసి యాడ్‌అకౌంట్‌తో పేరు, పాస్‌వర్డ్, రోల్స్ ఇవ్వండి. దాంతో డిఫాల్ట్‌సెక్యూరిటీమేనేజర్ తయారుచేయండి. దాన్ని సెక్యూరిటీయుటిల్స్‌లో స్టాటిక్‌గా సెట్ చేయకండి. సబ్జెక్ట్ బిల్డర్‌కి ఆ మేనేజర్‌ని నేరుగా ఇచ్చి కొత్త సబ్జెక్ట్ కట్టించుకోండి. దాన్ని సబ్జెక్ట్‌థ్రెడ్‌స్టేట్‌లో పెట్టి బైండ్ చేయండి. ఆ తర్వాతే, అవసరమైతే, లాగిన్ పిలవండి. ఆఫ్టర్‌ఈచ్‌లో మీ దగ్గరున్న సబ్జెక్ట్ మీద లాగౌట్ పిలవండి, ఫైనల్లీ బ్లాక్‌లో థ్రెడ్‌స్టేట్‌ని క్లియర్ చేయండి, చివరిగా మేనేజర్‌ని డిస్ట్రాయ్ చేయండి. సెటప్ మధ్యలో ఎక్సెప్షన్ వచ్చినా జేయూనిట్ ఆఫ్టర్‌ఈచ్‌ని పిలుస్తుంది, అందుకని థ్రెడ్‌స్టేట్ నల్ కాదని చూసుకునే చెక్ కూడా పెట్టండి. లేకపోతే అసలు ఎర్రర్‌తో పాటు మీ క్లీనప్‌లోని నల్‌పాయింటర్ కూడా రిపోర్టులోకి వచ్చి తికమక పెడుతుంది.

టియర్‌డౌన్‌లో మీ దగ్గరున్న సబ్జెక్ట్ అని ఎందుకు నొక్కి చెప్పానంటే, మీరు అక్కడ గెట్‌సబ్జెక్ట్ పిలిచి దాని మీద లాగౌట్ పిలుస్తున్నారు. ఏదో కారణంగా థ్రెడ్ ఖాళీగా ఉంటే, ఆ పిలుపే కొత్త అనామక సబ్జెక్ట్‌ని తయారుచేసి థ్రెడ్‌కి కట్టేస్తుంది. శుభ్రం చేయడానికి వెళ్లి మురికి చేసి వస్తాం. థ్రెడ్ మీద ఏముందో చూడాలంటే థ్రెడ్‌కాంటెక్స్ట్‌లోని గెట్‌సబ్జెక్ట్ వాడండి. పేరు అదే అయినా అది చదవడం తప్ప ఏమీ చేయదు, లేకపోతే నల్ ఇస్తుంది.

అసలు లాగిన్ అవసరమా అన్నది తర్వాతి ప్రశ్న. మీ టెస్టుల్లో చాలావాటి పేర్లు చూస్తే అవి పరీక్షించేది అనుమతుల్ని, పాస్‌వర్డ్‌ని కాదు. వ్యూయర్ రోల్ ఉన్నవాళ్లు ఆర్డర్ తొలగించలేరు అన్నదాన్ని చూడ్డానికి పాస్‌వర్డ్ హ్యాష్ ప్రతిసారీ లెక్కించడం దేనికి? హ్యాషింగ్‌ని కావాలనే నెమ్మదిగా ఉండేలా చేస్తారు, వందల టెస్టుల్లో ఆ సమయం పోగవుతుంది. బిల్డర్‌కి ప్రిన్సిపల్స్ ఇచ్చి, ఆథెంటికేటెడ్ ట్రూ అని చెప్పి సబ్జెక్ట్ కట్టించుకుంటే లాగిన్ లేకుండానే లాగిన్ అయిన యూజర్ దొరుకుతాడు. రోల్స్ కోసం షిరో మామూలుగానే రెల్మ్‌ని అడుగుతుంది, కాబట్టి అనుమతుల పరీక్ష నిజమైనదే అవుతుంది. లాగిన్‌ని పరీక్షించే టెస్టులు వేరే క్లాసులో ఒక గుప్పెడు ఉంటే చాలు. సరైన పాస్‌వర్డ్, తప్పు పాస్‌వర్డ్, లేని అకౌంట్, లాకైన అకౌంట్. ఒక జాగ్రత్త, రెల్మ్‌లు ఒకటికంటే ఎక్కువ ఉంటే తప్పు పాస్‌వర్డ్‌కి కూడా నిర్దిష్టమైన ఎక్సెప్షన్ రాదు, మామూలు ఆథెంటికేషన్‌ఎక్సెప్షన్ వస్తుంది. ఒక రెల్మ్ కాదన్నా ఇంకోటి అవునంటుందేమోనని అన్నింటినీ అడిగాక తేల్చే పద్ధతి అది.

బిల్డర్‌తో చేసేటప్పుడు ఎదురయ్యే ఇంకో అడ్డంకి రెల్మ్ పేరు. ప్రిన్సిపల్ కలెక్షన్‌లో ప్రతి ప్రిన్సిపల్‌కీ ఏ రెల్మ్ నుంచి వచ్చిందో పేరు ఉంటుంది. మీ సొంత రెల్మ్ గెట్‌నేమ్ వాడి తన పేరు మీదున్న ప్రిన్సిపల్స్‌ని మాత్రమే చూస్తుంటే, మీరిచ్చిన పేరు అక్షరం తేడా లేకుండా కలవాలి. పేరు పెట్టని రెల్మ్‌కి షిరో క్లాసు పేరుకి ఒక వరుస నంబరు తగిలించి పేరు పెడుతుంది, ఆ నంబరు జేవీఎంలో ఎన్నో రెల్మ్ అన్నదాన్ని బట్టి మారుతుంది. ఇక్కడ కూడా విడిగా పాస్, కలిపితే ఫెయిల్. సెట్‌నేమ్ పిలిచి పేరు మీరే పెట్టేయండి.

ఇక నాకు అన్నింటికంటే భయం కలిగించే సంగతి. ఫెయిలయ్యే టెస్ట్ కనీసం ఎక్కడో తప్పుందని చెబుతుంది. తప్పుగా పాసయ్యే సెక్యూరిటీ టెస్ట్ మనల్ని నిశ్చింతగా ఉంచి దెబ్బకొడుతుంది. మీ కోడులో ఒక టెస్ట్ చూశాను, వ్యూయర్ తొలగించబోతే ఆథరైజేషన్‌ఎక్సెప్షన్ రావాలని ఉంది. షిరోలో రెండు ఎక్సెప్షన్లు దాని కింద ఉన్నాయి. లాగిన్ అయి ఉన్నా అనుమతి లేకపోతే వచ్చేది అన్‌ఆథరైజ్డ్‌ఎక్సెప్షన్. అసలు ఎవరో తెలియని సబ్జెక్ట్‌కి వచ్చేది అన్‌ఆథెంటికేటెడ్‌ఎక్సెప్షన్. మీ టెస్ట్ రెంటినీ ఒప్పుకుంటుంది. అంటే సెటప్ పాడై వ్యూయర్ లాగిన్ కాకపోయినా, థ్రెడ్ మీద అనామక సబ్జెక్ట్ ఉన్నా, ఆ టెస్ట్ పాసవుతూనే ఉంటుంది. అలా లాగిన్ కాని స్థితిలో నడుస్తుంటే, తొలగించే మెథడ్ మీద రోల్ చెక్ తీసేసి కేవలం లాగిన్ అయి ఉంటే చాలని ఎవరైనా మార్చినా దానికి తెలియదు. అన్‌ఆథరైజ్డ్‌ఎక్సెప్షన్ అనే కచ్చితంగా అడగండి. దానికి ముందు వరసలో సబ్జెక్ట్ నిజంగా వ్యూయరేనని, ఆథెంటికేటెడ్ అని ఒక అసర్ట్ (నిజం కాకపోతే టెస్ట్‌ని ఫెయిల్ చేసే తనిఖీ) పెట్టండి. రిక్వైర్స్‌రోల్స్ లాంటి యానొటేషన్లు ఇంటర్‌సెప్టర్ (మెథడ్ నడిచే ముందు అడ్డుపడి చెక్ చేసే కోడ్) ద్వారా పిలిచినప్పుడే పనిచేస్తాయని కూడా గుర్తుంచుకోండి. సర్వీసుని టెస్టులో న్యూ అని తయారుచేసి పిలిస్తే ఏ చెక్కూ జరగదు.

ఒకే టెస్టులో ఇద్దరు యూజర్లు కావాల్సి వస్తే లాగౌట్, లాగిన్ అంటూ తిప్పకండి. సబ్జెక్ట్‌కే ఎగ్జిక్యూట్ అనే మెథడ్ ఉంది. దానికి రన్నబుల్ (విలువ తిరిగి ఇవ్వని పని) గానీ కాలబుల్ (విలువ తిరిగి ఇచ్చే పని) గానీ ఇస్తే ఆ సబ్జెక్ట్‌ని థ్రెడ్‌కి కట్టి, పని చేయించి, ముందున్నదాన్ని తిరిగి పెడుతుంది. మధ్యలో ఎక్సెప్షన్ వచ్చినా తిరిగి పెడుతుంది. దీని మీద ఫలానా యూజర్‌గా ఈ పని చెయ్యి అనే చిన్న హెల్పర్ రాసుకుంటే టెస్టులు చదవడానికి హాయిగా ఉంటాయి. కానీ ఒక మెలిక ఉంది. కాలబుల్ ఇస్తే లోపల వచ్చిన ఎక్సెప్షన్‌ని షిరో ఎగ్జిక్యూషన్‌ఎక్సెప్షన్‌లో చుట్టి ఇస్తుంది, రన్నబుల్ ఇస్తే చుట్టదు. లాంబ్డాలో (అక్కడికక్కడే రాసే పేరులేని ఫంక్షన్) విలువ తిరిగి ఇస్తున్నారా లేదా అన్న చిన్న తేడాతో ఏది ఎంపికవుతుందో మారిపోతుంది, నిన్న పాసైన అసర్ట్‌త్రోస్ (ఫలానా ఎక్సెప్షన్ వచ్చిందో లేదో చూసే తనిఖీ) ఇవాళ ఫెయిలవుతుంది. అసర్ట్‌త్రోస్‌ని లాంబ్డా లోపలే పెట్టేస్తే ఈ గొడవ ఉండదు.

ఇప్పటిదాకా అంతా ఒకే థ్రెడ్. మీ సర్వీసులో రిపోర్టుల కోసం థ్రెడ్ పూల్ కూడా ఉందన్నారు కాబట్టి, నేను పనిచేసిన ఒక ప్రాజెక్టులో జరిగింది చెబుతాను. అక్కడ రిపోర్టు తయారీని పూల్‌కి ఇచ్చేవాళ్లం, పూర్తయ్యాక ఎవరు తీశారో ఆడిట్ టేబుల్‌లో రాసేవాళ్లం. టెస్టులన్నీ పాస్. ప్రొడక్షన్‌లో కొన్నాళ్లకి గమనించాం, ఉదయం ఎవరు మొదట రిపోర్ట్ తీశారో వాళ్ల పేరే సాయంత్రం దాకా చాలా వరసల్లో ఉంది. వేరే వాళ్లు తీసిన రిపోర్టులు కూడా ఆ మనిషి ఖాతాలో పడ్డాయి. వాటిలో ఆ మనిషికి ఏ సంబంధమూ లేనివి ఉన్నాయి, తను వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. అది గుర్తొస్తే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

కారణం ఏమిటంటే, షిరో 1.x లో థ్రెడ్‌కాంటెక్స్ట్ వాడేది మామూలు థ్రెడ్‌లోకల్ (ఒక్కో థ్రెడ్‌కి విడిగా విలువ ఉంచే చోటు) కాదు, ఇన్హెరిటబుల్‌థ్రెడ్‌లోకల్. ఒక థ్రెడ్ ఇంకో థ్రెడ్‌ని పుట్టించినప్పుడు తల్లి థ్రెడ్ మీదున్న మ్యాప్ నకలు పిల్ల థ్రెడ్‌కి వెళ్తుంది. వెళ్లేది పుట్టినప్పుడు ఒక్కసారే. పూల్‌లో థ్రెడ్ మొదటి పని వచ్చినప్పుడు పుట్టి, ఆ తర్వాత చావకుండా అందరికీ పనిచేస్తుంది. అందుకని పుట్టించిన యూజర్ ముద్ర దాని మీద ఉండిపోతుంది. టెస్టుల్లో ఎందుకు పట్టుబడలేదు? ప్రతి టెస్టూ కొత్త పూల్ తయారుచేసుకునేది, ఒక్క యూజర్‌తోనే నడిచేది. పుట్టించినవాడూ వాడుకున్నవాడూ ఒక్కడే అయినప్పుడు తేడా కనపడదు.

దీన్ని పట్టుకునే టెస్ట్ ఇలా ఉండాలి. న్యూఫిక్స్‌డ్‌థ్రెడ్‌పూల్‌తో ఒకే ఒక్క థ్రెడ్ ఉన్న పూల్ తీసుకోండి. సరళ సబ్జెక్ట్‌ని కట్టి పూల్‌కి ఒక పని ఇవ్వండి, అది పూర్తయ్యేదాకా ఆగండి. తర్వాత కిరణ్ సబ్జెక్ట్‌ని కట్టి అదే పూల్‌కి రెండో పని ఇవ్వండి. రెండో పనిలో ప్రిన్సిపల్ కిరణ్ అని అసర్ట్ చేయండి. లోపం ఉంటే సరళ అని వస్తుంది. ఇక్కడ తప్పనిసరిగా రెండు వేర్వేరు సబ్జెక్ట్ ఆబ్జెక్టులు ఉండాలి. మేము మొదట ఈ టెస్ట్ రాసినప్పుడు ఒకే సబ్జెక్ట్ మీద సరళని లాగౌట్ చేసి కిరణ్‌ని లాగిన్ చేయించాం, టెస్ట్ పాసైంది, లోపం అలాగే ఉంది. పిల్ల థ్రెడ్‌కి నకలు వెళ్లేది మ్యాప్, అందులోని సబ్జెక్ట్ మాత్రం అదే ఆబ్జెక్ట్. లాగిన్ దాని లోపలి పేరుని మార్చేస్తుంది కాబట్టి పూల్ థ్రెడ్‌కి కూడా కిరణే కనిపిస్తాడు.

దిద్దుబాటు చిన్నదే. పూల్‌కి పని ఇచ్చే ముందు సబ్జెక్ట్‌లోని అసోసియేట్‌విత్ మెథడ్‌కి ఆ పనిని ఇచ్చి, అది తిరిగి ఇచ్చినదాన్ని పూల్‌కి పంపండి. పని మొదలయ్యే ముందు సరైన సబ్జెక్ట్‌ని ఆ థ్రెడ్‌కి కట్టి, అయ్యాక విప్పుతుంది. వారసత్వం మీద ఆధారపడి పనిచేస్తున్న కోడ్ ఎక్కడ కనిపించినా మార్చేయండి.

వారసత్వం వల్ల వచ్చే ఇంకో మాయ టైమవుట్లు. జేయూనిట్ 4 లో టెస్ట్ యానొటేషన్‌లో టైమవుట్ ఇస్తే టెస్ట్ మెథడ్ వేరే థ్రెడ్‌లో నడుస్తుంది, బిఫోర్, ఆఫ్టర్ మాత్రం పాత థ్రెడ్‌లోనే నడుస్తాయి. జేయూనిట్ 5 లో అసర్ట్‌టైమవుట్‌ప్రీఎంప్టివ్‌లీ కూడా లోపలి కోడ్‌ని వేరే థ్రెడ్‌లో నడుపుతుంది. షిరో 1.x లో వారసత్వం పుణ్యమా అని ఇది ఎలాగో నడిచిపోతుంది, కానీ ఆ లోపల మొదటిసారి చేసిన లాగిన్ బయట కనపడదు. షిరో లాంటిదే ఇంకో లైబ్రరీ స్ప్రింగ్ సెక్యూరిటీలో అయితే అసలు నడవదు, యూజర్ మాయమవుతాడు. మామూలు అసర్ట్‌టైమవుట్ అదే థ్రెడ్‌లో నడుస్తుంది, కుదిరినచోట అదే వాడండి.

స్ప్రింగ్ మాట వచ్చింది కాబట్టి, ఆ వైపు వాళ్ల కోసం క్లుప్తంగా. అక్కడ సెక్యూరిటీకాంటెక్స్ట్‌హోల్డర్ మామూలు థ్రెడ్‌లోకల్ వాడుతుంది. విత్‌మాక్‌యూజర్ (టెస్టుకి ఉత్తుత్తి యూజర్‌ని ఇచ్చేది) యానొటేషన్ కట్టడం, విప్పడం రెండూ తనే చూసుకుంటుంది కాబట్టి మీ ఇబ్బందుల్లో సగం రావు. కానీ రాండమ్ పోర్ట్ మీద నిజమైన సర్వర్ లేపి హెచ్‌టీటీపీ రిక్వెస్ట్ పంపితే ఆ మాక్ యూజర్ అవతలికి వెళ్లడు, ఎందుకంటే సర్వర్ వేరే థ్రెడ్‌లో జవాబిస్తుంది. మాక్‌ఎంవీసీ (నిజమైన సర్వర్ లేకుండా రిక్వెస్టుల్ని పరీక్షించే స్ప్రింగ్ సాధనం) అదే థ్రెడ్‌లో నడుస్తుంది కాబట్టి పనిచేస్తుంది. చేత్తో సెట్ చేసేటప్పుడు ఉన్న కాంటెక్స్ట్‌లోకి ఆథెంటికేషన్ తోసేయకుండా, క్రియేట్‌ఎంప్టీకాంటెక్స్ట్‌తో కొత్తది తయారుచేసి పెట్టండి. ఉన్నదాన్ని ఇంకో థ్రెడ్ కూడా పట్టుకుని ఉండొచ్చు.

టెస్టుల్ని సమాంతరంగా నడపాలని ఉందన్నారు. జేయూనిట్ 5 లో అది సాధ్యమే, కానీ రెండు షరతులు. మొదటిది, సెక్యూరిటీ మేనేజర్‌ని స్టాటిక్‌గా సెట్ చేసే కోడ్ ఒక్కటి కూడా మిగలకూడదు. అది జేవీఎం మొత్తానికి ఒకటే, ఒక క్లాసు సెట్ చేస్తుండగా ఇంకో క్లాసు నల్ చేస్తుంది. మీకు ఒకోసారి వస్తున్న అన్‌అవెయిలబుల్‌సెక్యూరిటీమేనేజర్ ఎర్రర్ ఇలాంటి చోటే పుడుతుంది. పైన చెప్పినట్టు బిల్డర్‌కి నేరుగా మేనేజర్‌ని ఇస్తే ఆ అవసరమే రాదు. రెండోది, బిఫోర్‌ఆల్‌లో సబ్జెక్ట్‌ని కట్టకూడదు. మెథడ్లు సమాంతరంగా నడిచేటప్పుడు బిఫోర్‌ఆల్ నడిచిన థ్రెడ్ ఒకటి, టెస్ట్ నడిచే థ్రెడ్ ఇంకోటి కావచ్చు. బిఫోర్‌ఈచ్, టెస్ట్, ఆఫ్టర్‌ఈచ్ మాత్రం ఒకే థ్రెడ్‌లో వరసగా నడుస్తాయి. స్టాటిక్ మేనేజర్‌ని మార్చలేని పాత క్లాసులు ఏవైనా ఉంటే వాటికి ఐసొలేటెడ్ యానొటేషన్ పెట్టి విడిగా నడిచేలా చేయండి. మాకిటోతో (టెస్టులకి ఉత్తుత్తి ఆబ్జెక్టులు తయారుచేసే లైబ్రరీ) సెక్యూరిటీయుటిల్స్‌ని మాక్‌స్టాటిక్ చేద్దామన్న ఆలోచన మాత్రం వద్దు. అది కూడా చేసిన థ్రెడ్‌లోనే పనిచేస్తుంది, మూసేయడం మర్చిపోతే అదీ లీకవుతుంది. థ్రెడ్‌కి మీకు కావలసిన సబ్జెక్ట్‌ని కట్టడం అంతకంటే సులభం, కట్టేది మాక్ సబ్జెక్ట్ అయినా సరే.

చివరిగా కాపలా. మీ టీమ్‌లో పదిమంది టెస్టులు రాస్తారు, అందరూ విప్పడం గుర్తుపెట్టుకుంటారని అనుకోవడం అన్యాయం. జేయూనిట్ 5 లో ఆఫ్టర్‌ఈచ్‌కాల్‌బ్యాక్ ఇంటర్‌ఫేస్‌తో ఒక ఎక్స్‌టెన్షన్ రాయండి. అది మీ ఆఫ్టర్‌ఈచ్ మెథడ్లు అయిపోయాక నడుస్తుంది. అందులో థ్రెడ్‌కాంటెక్స్ట్‌లోని గెట్‌రిసోర్సెస్ ఇచ్చిన మ్యాప్ ఖాళీగా ఉందో లేదో చూడండి. లేకపోతే ముందు రిమూవ్ పిలిచి శుభ్రం చేసి, ఆ తర్వాత ఈ టెస్ట్ థ్రెడ్ మీద సబ్జెక్ట్‌ని వదిలి వెళ్లిందని టెస్ట్ పేరుతో సహా ఫెయిల్ చేయండి. ఆ వరస ముఖ్యం, లేకపోతే ఒక్క దోషి వల్ల తర్వాతి టెస్టులన్నీ నిందపడతాయి. ఇది పెట్టాక ఎర్రర్ వచ్చేది వదిలి వెళ్లిన టెస్ట్ మీదే, తర్వాత వచ్చిన అమాయకపు టెస్ట్ మీద కాదు. దీన్ని ఆటోడిటెక్షన్‌లో (జేయూనిట్ ఎక్స్‌టెన్షన్లని తనంతట తానే కనుక్కునే ఏర్పాటు) రిజిస్టర్ చేస్తే ఎవరూ విడిగా రాయక్కర్లేదు.

పెట్టిన మొదటి రోజు చాలా టెస్టులు ఎర్రగా కనిపిస్తాయి, టెన్షన్ పడకండి. అవన్నీ ఇప్పటికే లీకవుతున్నవి. ఆర్డర్‌టెస్ట్‌తో మొదలుపెట్టి ఒక్కో క్లాసే మార్చుకుంటూ వెళ్లండి. అన్నీ పాసయ్యాక ష్యూర్‌ఫైర్ రన్‌ఆర్డర్‌ని రాండమ్ చేసి నాలుగైదు సార్లు నడపండి. వరస ఎలా మారినా ఫలితం మారకపోతే అప్పుడు సమాంతరం ఆన్ చేయండి, అంతకుముందు వద్దు.